ఉరికే వయసు

వరంగల్ జిల్లాలో ఏ ఊరి బడికి వెళ్లినా ఇంటర్వెల్ గంట కొట్టగానే కనిపించే దృశ్యం ఒకటే. గుమ్మం దాటిన పిల్లలు నడవరు, ఉరుకుతారు. నీళ్ల నల్లా దాకా ఉరుకుతారు, మధ్యలో టక్కున ఆగుతారు, పక్కవాడి వీపు మీద ఒక చరుపు చరిచి ఎదురు దిక్కుకు ఉరుకుతారు, మళ్లీ ఆగుతారు. పెద్దల కళ్లకు ఇదంతా తీరూ తెన్నూ లేని పరుగు. అందుకే ఏ బడిలోనైనా పిల్లలకు అన్నిటికంటే ఎక్కువసార్లు వినబడే మాట ‘ఉరకకండి’ అన్నదే. అయితే ఈ పరుగుకూ ఒక లెక్క ఉంది. 1995లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు పరిశోధకులు ఆరు నుంచి పదేళ్ల లోపు పిల్లలను రోజుల తరబడి గమనించి, వాళ్ల కదలికలను సెకన్ల లెక్కన నమోదు చేశారు. వేగంగా ఉరికిన సందర్భాల్లో సగం మూడు సెకన్లకు మించలేదు. 15 సెకన్లు దాటినవి నూటికి అయిదుకు మించలేదు. పిల్లలు గంటల కొద్దీ ఆడినట్టు మనకు కనిపిస్తుంది గానీ, ఆ గంటలన్నీ క్షణాల పరుగులతో, క్షణాల విరామాలతో అల్లుకున్నవి. ఈ అధ్యాయంలో నేను నిరూపించదలచుకున్నది ఒక్క విషయం. పిల్లలు తమంతట తాము ఉరికే ఈ తీరే వాళ్ల కండకూ ఎముకకూ మెదడుకూ సరిగ్గా సరిపోయే మోతాదు. ఆ మోతాదు అందేలా చూసేది వాళ్లకు కలిగే సంతోషమే. బడి ఆ సంతోషాన్ని పక్కన పెట్టి పతకాలనో క్రమశిక్షణనో ముందుకు తెస్తే, పిల్లలు పోగొట్టుకునేది వినోదం ఒక్కటే కాదు.

ముందుగా కండరాల సంగతి. అరగంట ఆడి వగర్చుతూ కూర్చున్న పిల్ల రెండు నిమిషాల్లో లేచి మళ్లీ ఎలా ఉరుకుతుందో, వెంట పరుగెత్తిన నాన్న మాత్రం ఎందుకు లేవలేకపోతాడో శరీరధర్మ శాస్త్రం చాలావరకు వివరించింది. గట్టిగా ఉరికినప్పుడు మొదటి కొన్ని సెకన్లకు కావలసిన శక్తిని కండరంలో ముందే నిల్వ ఉన్న ఫాస్ఫోక్రియాటిన్ అందిస్తుంది. అది తరిగాక పెద్దల కండరాలు ఆక్సిజన్ కోసం ఆగకుండా చక్కెరను విరగ్గొట్టి శక్తి తీసుకుంటాయి. దాంతో కండరంలో ఆమ్లగుణం పెరిగి కాళ్లు బరువెక్కుతాయి. యవ్వనం ఇంకా రాని పిల్లల కండరాలు ఈ దారిని తక్కువగా వాడుకుంటాయి, ఆక్సిజన్ మీదే ఎక్కువగా ఆధారపడతాయి. అందుకే వాళ్లలో ఆమ్లం అంతగా పేరుకోదు, నిల్వ కూడా త్వరగా నిండుతుంది. 1993లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో మగపిల్లల చేతా పెద్దవాళ్ల చేతా 30 సెకన్ల పాటు శక్తికొద్దీ సైకిల్ తొక్కించి, కొంత విరామం ఇచ్చి మళ్లీ తొక్కించారు. పిల్లలు రెండు నిమిషాల్లోనే దాదాపు మొదటి శక్తికి చేరుకున్నారు. పెద్దవాళ్లు పది నిమిషాల తర్వాత కూడా పూర్తిగా కోలుకోలేదు. 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు మరో అడుగు ముందుకు వేశారు. ఎనిమిది నుంచి 12 ఏళ్ల మామూలు పిల్లలను, వ్యాయామం అలవాటు లేని పెద్దలతోనూ దూరపు పోటీలకు సాధన చేసే క్రీడాకారులతోనూ పోల్చి చూశారు. అలసటను తట్టుకోవడంలోనూ కోలుకోవడంలోనూ పిల్లలు ఆ క్రీడాకారులకు తీసిపోలేదు. ఏ శిక్షణా లేని నాలుగో తరగతి పిల్లవాడికి ప్రకృతి ఉచితంగా ఇచ్చిన ఈ సామర్థ్యం యవ్వనంతో పాటు తగ్గిపోతుంది. ఆ కొద్ది ఏళ్లలో దాన్ని వాడుకోనివ్వకుండా బెంచీకి కట్టిపడేస్తే ఆ ఉచిత అవకాశం మళ్లీ తిరిగి రాదు.

ఎముకల విషయం ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. ఎముక రాయి లాంటిది కాదు, అది సజీవ కణజాలం. దాని లోపల సన్నని కాలువల్లో ద్రవం ఉంటుంది. కాలు నేలను తాకినప్పుడల్లా ఎముక కంటికి కనబడనంతగా వంగుతుంది, ఆ ద్రవం కదులుతుంది, అక్కడి కణాలు ఆ కదలికను పసిగట్టి ‘ఇక్కడ గట్టి పరచాలి’ అని కబురు పంపుతాయి. ఎంత కదలిక చాలు? 1984లో రూబిన్, లాన్యన్ అనే శాస్త్రవేత్తలు కోడిపుంజుల రెక్క ఎముక మీద రోజూ లెక్క ప్రకారం ఒత్తిడి పెట్టి చూశారు. రోజుకు 36 సార్లు ఒత్తిడి పడితే చాలు, ఎముక పెరగవలసినంతా పెరిగింది. 1,800 సార్లు పెట్టినా అదనంగా ఒరిగిందేమీ లేదు. తర్వాతి పరిశోధనలు మరో సంగతి తేల్చాయి. కొంతసేపు ఒత్తిడి పడ్డాక ఎముక కణాలు దానికి స్పందించడం తగ్గిస్తాయి, విరామం ఇస్తే మళ్లీ స్పందిస్తాయి. అంటే ఎముకకు కావలసింది ఒకే వేగంతో సాగే సుదీర్ఘమైన పరుగు కాదు. విరామాలతో కూడిన ఉరుకులు, గంతులు, మలుపులు కావాలి. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి గెంతు, కబడ్డీలో గీత దగ్గర ఒక్కసారిగా వెనక్కు తిరగడం, కోతికొమ్మచ్చిలో కొమ్మ మీంచి దూకడం – వీటిని కనిపెట్టిన వాళ్లకు ఎముక శాస్త్రం తెలియదు. అయినా ఆ శాస్త్రం అడిగే పనులన్నీ వాటిలో ఉన్నాయి.

దీనికి కాలపరిమితి ఉందన్నదే అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. 1995లో ఫిన్లాండ్‌లో టెన్నిస్, స్క్వాష్ ఆడే స్త్రీల రెండు చేతుల ఎముకలను పోల్చి చూశారు. రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి కంటే దిట్టంగా ఉంది. రజస్వల కాకముందే లేదా ఆ సమయంలోనే ఆట మొదలుపెట్టిన వాళ్లలో ఈ తేడా, పెద్దయ్యాక మొదలుపెట్టిన వాళ్ల కంటే రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. కెనడాలోని సస్కాచెవాన్‌లో ఏళ్ల తరబడి పిల్లల ఎదుగుదలను కొలిచిన మరో పరిశోధన, పెద్దయ్యాక మన ఒంట్లో ఉండే ఎముక ఖనిజంలో దాదాపు నాలుగో వంతు కేవలం రెండేళ్లలో పేరుకుంటుందని 1999లో చూపించింది. ఆ రెండేళ్లు అమ్మాయిల్లో సుమారు పన్నెండున్నర, అబ్బాయిల్లో 14 ఏళ్లకు అటూ ఇటూ వస్తాయి. మన బడుల లెక్కలో చెప్పాలంటే ఏడో తరగతి నుంచి పదో తరగతి వరకు. ఆటల పీరియడ్‌ను మనం లెక్కల సారుకూ సైన్స్ టీచరుకూ అప్పగించేది కూడా సరిగ్గా ఆ తరగతుల్లోనే. మోకాళ్ల నొప్పులతోనూ తుంటి విరుగుళ్లతోనూ బాధపడే ఇప్పటి అమ్మమ్మలను చూస్తూ కూడా రేపటి అమ్మమ్మల ఎముకలు గట్టిపడే ఏళ్లను స్టడీ అవర్లకు ధారపోస్తున్నాం.

ఇంత మేలు చేసే పనిని పిల్లలు ఆరోగ్యం కోసం చేయరు. అరవై ఏళ్ల నాటి తుంటి ఎముక గురించి ఎనిమిదేళ్ల పిల్లకు చెప్పి ఉరికించలేం. ఉరికించేది సంతోషం. అది ఎంత లోతైనదో 2014లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు చేసిన ఒక సరదా ప్రయోగం చూపించింది. పంజరంలో పెంచే ఎలుకలు తిరిగే చక్రం మీద పరుగెత్తడం పాత సంగతే, అది బందీల పిచ్చి ప్రవర్తన అని కొందరనేవారు. లైడెన్ విశ్వవిద్యాలయానికి చెందిన యోహాన్నా మైయర్ బృందం అలాంటి చక్రాన్ని ఆరుబయట, అడవి ఎలుకలు తిరిగే చోట పెట్టి కెమెరా అమర్చింది. ఎవరూ బలవంతపెట్టని ఎలుకలు వచ్చి చక్రం ఎక్కి పరుగెత్తాయి, దిగాయి, మళ్లీ ఎక్కాయి. చక్రం దగ్గర పెట్టిన తిండి తీసేసిన తర్వాత కూడా ఎక్కే ఎలుకలు ఎక్కుతూనే ఉన్నాయి. పొద్దున్నే కట్టు విప్పితే తోక ఎత్తి వాకిలంతా గంతులేసే లేగదూడను చూసిన రైతుకు ఈ ఫలితం వింతగా తోచదు. 2012లో అమెరికాలో మనుషులను, కుక్కలను, ఫెరెట్లనే ముంగిస లాంటి జంతువులను ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి రక్తం పరీక్షించారు. హాయి గొలిపే ఎండోకన్నబినాయిడ్లు మనుషుల్లోనూ కుక్కల్లోనూ పెరిగాయి, ఫెరెట్లలో పెరగలేదు. పరుగుతో బతికిన జాతులకే పరుగులో ఆనందం దక్కిందన్నది ఆ పరిశోధకుల ఊహ. ఆ ప్రయోగంలో పాల్గొన్న మనుషులు పెద్దవాళ్లు కాబట్టి దాన్ని యథాతథంగా పిల్లలకు అంటగట్టను. అయితే దిశ స్పష్టంగానే ఉంది. ఎదిగే ఒంటికి ఏది అవసరమో అది ఇష్టంగా ఉండేలా పరిణామం ఏర్పాటు చేసింది. ఆకలి వేసినవాడికి అన్నం రుచించడం ఎలాంటిదో పిల్లలకు పరుగు రుచించడం అలాంటిది.

మరి బడి ఈ రుచిని ఏం చేస్తోంది? జనవరి 26కు వారం ముందు ఆటల పోటీలు పెడతారు. 200 మంది పిల్లల్లో ఎనిమిది మంది ఉరుకుతారు, మిగతావాళ్లు మట్టిలో వరసగా కూర్చుని చప్పట్లు కొడతారు. మొదటివాడికి స్టీలు గిన్నె, రెండోవాడికి గ్లాసు, మూడోవాడికి సబ్బుపెట్టె. ఆ గిన్నె ఇంటికి తెచ్చిన పిల్లవాడి ముఖంలో వెలుగును నేను తక్కువ చేయడం లేదు, అది అచ్చమైన ఆనందమే. నా ఆక్షేపణ మిగతా 192 మంది గురించి, మిగతా 51 వారాల గురించి. బహుమతి ఇష్టాన్ని ఏం చేస్తుందో మనస్తత్వ శాస్త్రంలో పేరుపొందిన ఒక ప్రయోగం చెబుతుంది. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు, బొమ్మలు గీయడమంటే ఇష్టపడే నర్సరీ పిల్లలను ఎంచుకున్నారు. కొందరికి ‘గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పారు, కొందరికి చెప్పకుండా ఇచ్చారు, కొందరికి అసలేమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, ముందే ఆశపెట్టిన పిల్లలు మిగతావాళ్ల కంటే తక్కువసేపు గీశారు. ఊహించకుండా అందిన బహుమతి ఏ హానీ చేయలేదు. బహుమతి కోసమే ఉరకాలని పిల్లలకు నేర్పితే, బహుమతి రాదని తెలిసిన రోజున పరుగు మానేస్తారు. చాలామందికి ఆ సంగతి ఆరో తరగతిలోపే తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. పోటీలూ పతకాలూ లేకపోతే జీవాంజి దీప్తి ఎక్కడి నుంచి వచ్చేది అని ఎవరైనా అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన దీప్తి మేధోపరమైన వైకల్యంతో పుట్టింది. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల పరుగులో, మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల టీ20 విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ ఏడాది సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం తెచ్చింది. ఆమె ఎదుగుదలలో కోచ్ నాగపురి రమేశ్ శిక్షణకూ, జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీలకూ ఎంతో పాత్ర ఉంది. కానీ వాటన్నిటికీ ముందు ఒక మెట్టు ఉంది. ఊళ్లో ఆర్‌డీఎఫ్ అనే సంస్థ నడిపే పాఠశాలలో పీఈటీ సారు కంట ఆమె పరుగు పడింది. పడాలంటే ఆ బడికి ఒక మైదానం ఉండాలి, అందులో పిల్లలందరూ ఉరకాలి, ఉరికేవాళ్లను రోజూ చూసే మనిషి ఒకరు ఉండాలి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో విలువిద్యలో భారత్ తరఫున పోటీపడిన వర్ధినేని ప్రణీత కూడా కల్లెడ బడి పిల్లే. ఒక చిన్న పల్లెలోని బడి పదహారేళ్ల తేడాతో ఒలింపిక్స్‌కు ఒకరిని, పారాలింపిక్స్‌కు ఒకరిని పంపిందంటే, ఆ నేలలో ఏదో మహిమ ఉందనడం కంటే అది ఆటను దినచర్యలో భాగం చేసుకున్న బడి అనడం సబబు. దీప్తి విషయంలో ఇంకో మాట చెప్పుకోవాలి. తోటివాళ్ల ఎగతాళిని మోస్తూ పెరిగిన పిల్ల ఆమె. పుస్తకాల కొలతతో మాత్రమే పిల్లల్ని కొలిచే బడి అయి ఉంటే, ఆమెలో ఏముందో ఎవరికీ తెలిసేది కాదు.

ప్రతిభను చిన్ననాడే పట్టి ఒక్క ఆటలో దింపాలనే వాదన కూడా గణాంకాల ముందు నిలవడం లేదు. 2021లో గూలిష్, ఆయన సహచరులు 6,000 మందికి పైగా క్రీడాకారుల బాల్యాలను విశ్లేషించారు. పెద్దయ్యాక ప్రపంచ స్థాయికి చేరినవాళ్లు, జాతీయ స్థాయిలో ఆగిపోయినవాళ్ల కంటే చిన్నప్పుడు ఎక్కువ రకాల ఆటలు ఆడారు, తమ ప్రధాన క్రీడను ఆలస్యంగా మొదలుపెట్టారు, మొదట్లో నెమ్మదిగానే ఎదిగారు. చిన్న వయసులోనే మెరిసినవాళ్ల లెక్క దీనికి తలకిందులు. పదేళ్లకే ఎంపిక చేస్తే ఎంపికయ్యేది తరచూ ప్రతిభ కాదు, పుట్టిన నెల. ఒకే తరగతిలో పది నెలల ముందు పుట్టిన పిల్లవాడు ఆ వయసులో స్పష్టంగా పొడుగ్గా, బలంగా ఉంటాడు. కెనడా ఐస్ హాకీ జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే గుంపుగా కనబడటాన్ని 1985లోనే గుర్తించారు. చిన్ననాడే ఎంపిక చేయకపోవడాన్ని నార్వే విధానంగా మార్చుకుంది. అక్కడ 11 ఏళ్లు నిండే వరకు పిల్లల పోటీల్లో ర్యాంకుల పట్టికలు ప్రకటించరు, 13 నిండే వరకు జాతీయ చాంపియన్‌షిప్‌లు ఉండవు. సుమారు 55 లక్షల జనాభా ఉన్న ఆ దేశం శీతాకాల ఒలింపిక్స్‌లో అందరికంటే ఎక్కువ పతకాలు గెలుస్తోంది. మంచు ఉండటమే దానికి కారణమని కొట్టిపారేయలేం, మంచు రష్యాలోనూ కెనడాలోనూ ఉంది.

తల్లిదండ్రుల నోట వినిపించే అసలైన అభ్యంతరం వేరు. ఆటల్లో పడితే చదువు పోతుందన్నది వాళ్ల భయం. హనుమకొండలో అద్దె గది తీసుకుని పిల్లల్ని చదివించే రైతు కుటుంబానికి ఇది ఉత్త భయం కాదు, పెట్టుబడి మొత్తం మార్కుల మీదే ఉంది. కాబట్టి జవాబు కూడా మార్కులతోనే చెప్పాలి. 1970లో కెనడాలోని ట్రవా-రివియేర్ ప్రాంతంలో ఒక ప్రయోగం మొదలైంది. ప్రాథమిక పాఠశాలలో కొన్ని తరగతులకు రోజూ గంటసేపు వ్యాయామం అదనంగా పెట్టి, ఆ మేరకు పాఠాల సమయాన్ని 13, 14 శాతం కోసేశారు. పక్క బ్యాచీలకు మామూలు టైంటేబులే. ఆరేళ్ల పాటు చూస్తే, పాఠాల సమయం కోల్పోయిన పిల్లలు మార్కుల్లో వెనకబడలేదు సరిగదా, మొదటి తరగతి దాటాక కాస్త ముందున్నారు కూడా. 2014లో అమెరికాలో ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు 221 మందిని చీటీలు వేసినట్టు రెండుగా విడదీసి, సగం మందికి తొమ్మిది నెలల పాటు బడి అయ్యాక ఆటలు పెట్టారు. ఆడినవాళ్లలో దృష్టి చెదరకుండా నిలపడం, ఒక పని నుంచి మరో పనికి మనసు మళ్లించడం మెరుగయ్యాయి. ఈ పరిశోధనలు ఆడితే ఐఐటీ సీటు వస్తుందని చెప్పడం లేదు, అలా చెబితే అబద్ధం. రోజుకు గంట ఆడినంత మాత్రాన చదువు నష్టపోదని మాత్రం గట్టిగానే చెబుతున్నాయి. మరి ఆ గంటను లాక్కోవడానికి మన దగ్గర మిగిలే కారణం ఏమిటి? 11 నుంచి 17 ఏళ్ల వయసు భారతీయ పిల్లల్లో నూటికి సుమారు 74 మందికి, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే రోజుకు గంట కదలిక అందడం లేదని 2019లో లాన్సెట్ చైల్డ్ అండ్ అడలసెంట్ హెల్త్ పత్రిక ప్రచురించిన అంచనా తేల్చింది.

చోటు లేదంటారు, ఎండలంటారు. వరంగల్ ఎండ నిజమే, ఏప్రిల్ మధ్యాహ్నం పిల్లల్ని మైదానంలోకి పంపమని ఎవరూ అనరు. కానీ బడులు తెరిచే జూన్ నుంచి ఒంటిపూట బడులు వచ్చే మార్చి దాకా పొద్దున ప్రార్థన వేళ గాలి చల్లగానే ఉంటుంది. చోటు సంగతికి వస్తే, విద్యాహక్కు చట్టం 2009లోనే ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని తన షెడ్యూల్లో రాసింది. నగరంలో అపార్ట్‌మెంటు లాంటి భవనాల్లో నడిచే బడులకు ఆ నిబంధన ఎలా నెరవేరిందో అధికారులే చెప్పాలి. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ వేశారు, 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ అక్కడే జరిగాయి. 1,500 మీటర్లలో సునీతా రాణి పేరిట 19 ఏళ్లుగా ఉన్న జాతీయ రికార్డును హర్మిలన్ బైన్స్ 4 నిమిషాల 5.39 సెకన్లతో బద్దలుకొట్టింది ఆ ట్రాక్ మీదే. అలాంటి ట్రాక్ నగరానికి గర్వకారణం. అయినా పిల్లల రోజువారీ పరుగుకు అది అక్కర్లేదు. స్కాట్లాండ్‌లోని స్టర్లింగ్ పట్టణంలో 2012లో ఎలెయిన్ వైలీ అనే ప్రధానోపాధ్యాయురాలు, రోజూ 15 నిమిషాలు పిల్లలు ఎవరి వేగంతో వాళ్లు బడి చుట్టూ ఉరికే పద్ధతి పెట్టారు. ప్రత్యేకమైన బట్టలు లేవు, బూట్లు లేవు, గెలుపోటములు లేవు. 2018లో వెలువడిన పరిశీలన ప్రకారం, దాన్ని పాటించిన బడి పిల్లల దేహదారుఢ్యం పాటించని బడి పిల్లల కంటే మెరుగ్గా పెరిగింది.

చివరగా, పరుగంటే సంతోషం లేని పిల్లలూ ఉన్నారు కదా అన్న ప్రశ్న మిగిలింది. ఉన్నారు. లావుగా ఉన్నవాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు, అందరి ముందూ ఆఖర్న వచ్చి నవ్వులపాలైన వాళ్లు. వాళ్లు ద్వేషించేది చాలావరకు పరుగును కాదు, ఆఖరి స్థానాన్ని. వరసలో నిలబెట్టి ఈల ఊది ఉరికిస్తే ఆఖరివాడు తప్పక ఉంటాడు. దాగుడుమూతల్లో, దొంగ–పోలీసులో ఆఖరివాడు ఉండడు, దొరికినవాడు మాత్రమే ఉంటాడు, రెండు నిమిషాల్లో వాడే ఇంకొకణ్ని పట్టుకుంటాడు. ఇంకా పెద్ద సంఖ్యలో ఆటకు దూరమయ్యేవాళ్లు అమ్మాయిలు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి వాళ్ల పరుగు ఆగిపోతుంది, ఎముక అన్నిటికంటే వేగంగా గట్టిపడే వయసు అప్పుడే వాళ్లను దాటి వెళుతూ ఉంటుంది. కారణాలు శరీరంలో లేవు. చున్నీ, తలుపు సరిగా పడని మరుగుదొడ్డి, నెలసరి రోజుల్లో మార్చుకునే వీలు లేకపోవడం, గోడ అవతల నిలబడి చూసే మగవాళ్లు, ‘పెద్దపిల్లవయ్యావు’ అనే మాట. వీటిలో ప్రతిదాన్నీ ఒక ప్రధానోపాధ్యాయురాలు, ఒక పంచాయతీ కలిసి ఒక్క విద్యా సంవత్సరంలో సరిచేయగలరు. ఆ తర్వాత ఖోఖోకు కావలసింది 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు నేల, పాతడానికి రెండు కర్రలు, గీతలకు కాస్త సున్నం. ఖోఖోలో తరిమే జట్టు అమ్మాయి కొన్ని సెకన్లు శక్తికొద్దీ ఉరికి, కూర్చున్న స్నేహితురాలి వీపు తట్టి ‘ఖో’ అని తాను కూర్చుంటుంది, ఊపిరి తీసుకుంటుంది, మళ్లీ తన వీపు మీద చెయ్యి పడగానే లేస్తుంది. కాలిఫోర్నియాలో సెకన్ల లెక్కన తేలిన తీరు, ఎముక కోరిన విరామం, అమ్మాయిలకు అవసరమైన గెంతూ మలుపూ అన్నీ ఈ ఆటలో ఉన్నాయి. ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా టైంటేబుల్లో దానికి రోజూ ఒక పీరియడ్ రాయాలి. పరీక్షల నెలలో కూడా దాన్ని వేరే సబ్జెక్టుకు ఇవ్వకూడదు.